చుక్కానిలో చకారం

గూడూరు జంక్షన్. 1965 సెప్టెంబరు. మంగళవారం పట్టపగలు పన్నెండున్నర.

ఫస్ట్ క్లాస్ వెయిటింగ్ రూములో ఫ్యాను కింద పడక్కుర్చీలో ఒక నిమ్మకాయల వ్యాపారి నిద్రపోతున్నాడు. మద్రాసు పాసెంజర్ వచ్చింది, పోయింది. ఆయన లేవలేదు. ఊడ్చే మనిషి వచ్చి భుజం తట్టేసరికి తల పక్కకి వాలిపోయింది. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, గుండుసూది తలంత ఎర్రటి మచ్చ.

ఆయన పేరు కామాక్షయ్య. నిమ్మకాయల వ్యాపారి కాడు, కేంద్ర గూఢచారి శాఖలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఏజెంటు. చంపినవాళ్లు జేబులు ఖాళీ చేశారు, చెప్పుల అడుగు తోళ్లు కూడా చీల్చి చూశారు. పక్కనే ఉన్న టిఫిన్ క్యారియరు మాత్రం ముట్టుకోలేదు. దాని అడుగు గిన్నెలో పెరుగన్నానికి బదులు సిగరెట్ పెట్టె అంత టేప్ రికార్డరు ఉంది. అందులో పదకొండు సెకన్ల మాట ఉంది.

మర్నాడు ఉదయం ఆ పదకొండు సెకన్లూ మద్రాసులో, పైకి ఎగుమతి కంపెనీ బోర్డు తగిలించుకున్న ఒక మేడ మీద మోగాయి.

"చుక్కాని మన చేతికొచ్చినాది. శుక్రవారం మూడూ నలభైకి చాప చుట్టేయండి. మిగతాది నేను చూసుకుంటా. చాలు."

చీఫ్ రంగనాయకులు స్విచ్ ఆపి, బల్లకి అవతల కూర్చున్న మనిషి వైపు చూశాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, సన్నగా, చేతులు ఒళ్లో పెట్టుకుని. పేరు హెబ్రోను. లండన్‌లో ధ్వనిశాస్త్రం చదివి వచ్చాడు. శాఖలో అతని కోడ్ పేరు 'చెవి'. గొంతు వినిపిస్తే చాలు, మాట్లాడిన మనిషి ఏ తాలూకావాడో, ఏ బడిలో చదివాడో చెబుతాడని పేరు.

చీఫ్ క్లుప్తంగా చెప్పుకుపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడూ నలభైకి, మందుగుండు నింపుకున్న మిలిటరీ స్పెషల్ రైలు నెల్లూరికి దక్షిణాన ఒక చిన్న స్టేషన్ దాటుతుంది. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది కాబట్టి దాన్ని ఆపడానికి వీల్లేదు. చుక్కాని అంటే రైళ్లని నడిపించే కంట్రోల్ టెలిఫోన్ అని కామాక్షయ్య ఆఖరి ఉత్తరంలో రాశాడు. విదేశీ ముఠా ఎక్కడో ఆ తీగకి తగులుకుంది. ఎక్కడో వెతకడానికి లైన్‌మెన్ వెళ్లారు. చాప అంటే ఏమిటో తెలియదు.

"ఈ గొంతు ఎవరిది?" అన్నాడు చీఫ్.

ఆ గొంతు హెబ్రోనుకి తెలుసు. మూడేళ్ల కిందట విన్నాడు. ఆ గొంతు సమాధానం అనే బడిపంతులిదని నూటికి నూరుపాళ్లు రాసి సంతకం పెట్టాడు. ఆ సమాధానం ఇప్పటికీ నెల్లూరు జైల్లో ఉన్నాడు. జైల్లో ఉన్న మనిషి మంగళవారం గూడూరు వెయిటింగ్ రూములో ఎట్లా మాట్లాడతాడు?

ఆ మాట చీఫ్‌తో అనడానికి నోరు తెరిచాడు. "రెండు రోజులు టైమివ్వండి సార్" అన్న ముక్కే బయటికొచ్చింది.

మెట్లు దిగుతూ మూడేళ్ల కిందటి సంగతి తలుచుకున్నాడు. దాచిపెట్టిందంతా పైకి తేలింది.

అరవై రెండు నవంబరులో, నౌకల రాకపోకలు ఎవరికో చేరవేస్తున్న ఒక టెలిఫోన్ సంభాషణని శాఖ పట్టుకుంది. టేపుతోపాటు టైపు కొట్టిన కాగితం కూడా హెబ్రోను చేతికి వచ్చింది. అందులో ప్రతి మాటా ఉంది, అనుమానితుడి పేరూ ఉంది: సమాధానం, మైపాడు దగ్గర పల్లెలో మిషన్ బడి పంతులు. హెబ్రోను ముందు కాగితం చదివాడు, తర్వాత విన్నాడు. పట్టుకొచ్చిన పంతుల్ని మాట్లాడిస్తే పలుకుబడి అచ్చం అదే. అవే మాటలు, అదే సాగతీత.

విచారణ గదిలో సమాధానం చేతులు జోడించి మొత్తుకున్నాడు. "గొంతు నాది కాదు సారూ. మాటలు మాత్రం నావే. గంగులయ్యని ఒకాయన బర్మా నించి వచ్చినానన్నాడు, తెలుగు మర్చిపోయినానన్నాడు. ఆర్నెల్లు మా ఇంట్లో పెట్టుకోని, వాచకం ముందేసి నేనే నేర్పించినా. నేను మాట్లాడినట్టే మాట్లాడతాడు."

విచారణ చేస్తున్న ఇద్దరు అధికారులూ నవ్వారు. హెబ్రోను కూడా నవ్వాడు.

అంతటితో అయిపోలేదు. పంతులు పెదాలు పిడచకట్టుకుపోయి ఉంటే, హెబ్రోను ఆలోచించకుండానే "నీళ్లు తాగినావా?" అని అడిగాడు. తాగావా అనలేదు. పంతులు చటుక్కున తలెత్తి మొహంలోకి చూశాడు. "మా తావోళ్లేనా సారూ మీరు?"

అధికారులు తనవైపు తిరిగారు. హెబ్రోను మైపాడు పక్కనే ఇందుకూరుపేటలో పుట్టాడు. వాల్తేరు హాస్టల్లో తన 'చేసినాడు, వచ్చినాడు'లకి తోటి కుర్రాళ్లు పగలబడి నవ్వినప్పుడు, అద్దం ముందు నిలబడి ఒక్కొక్క మాటే కత్తిరించుకున్నాడు. అమ్మ హాస్టలుకి వచ్చినప్పుడు గేటు దగ్గరే మాట్లాడి పంపేశాడు.

"నాది రాజమండ్రి" అన్నాడు ఆ రోజు. పరాయివాణ్నని రుజువు చేసుకోవాలన్నట్టు, రిపోర్టులో 'బహుశా' అని రాసిన మాట కొట్టేసి 'నూటికి నూరుపాళ్లు' అని రాశాడు. పంతులు చెప్పిన గంగులయ్య సంగతి రిపోర్టులో ఎక్కించనే లేదు.

బుధవారం సాయంత్రం దాకా ల్యాబులో కూర్చుని రెండు టేపులూ పక్కపక్కన పెట్టి విన్నాడు. అప్పుడు దొరికింది.

చాపలో చకారం పళ్ల దగ్గర పుడుతుంది. చేపలో చకారం అంగిట్లో పుడుతుంది. రాసేటప్పుడు అక్షరం ఒకటే. వెనకటి పుస్తకాల్లో పళ్ల చకారానికి నెత్తిన తెలుగు రెండంకె లాంటి గుర్తు పెట్టేవారు. అచ్చాఫీసులవాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. తల్లి ఒడిలో తెలుగు నేర్చినవాడికి గుర్తుతో పనిలేదు, చాపనీ చుక్కనీ చాలునీ నాలుకే పళ్ల దగ్గరికి తీసుకుపోతుంది. వాచకం చూసి నేర్చినవాడికి మాత్రం అన్ని చకారాలూ చేపలో చకారాలే. కామాక్షయ్య టేపు గదిలో మైకుతో తీసింది, తేట తెల్లంగా ఉంది. చుక్కాని, చాప, చుట్టేయండి, చూసుకుంటా, చాలు, అయిదూ అంగిట్లోవే. పంతులు వాచకంతో నేర్పిన గంగులయ్యే.

మరి అరవై రెండు టేపులో ఎందుకు దొరకలేదు? అది టెలిఫోన్ టేపు. పళ్ల మధ్యనించి వచ్చే సన్నటి గాలి చప్పుడు టెలిఫోన్ తీగలో పోదు. శబ్దాన్ని గీతలుగా గీసే స్పెక్ట్రోగ్రాఫ్ కాగితం మీద ఆ చోటు తెల్లగా ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో హెబ్రోను తన చెవులతో పళ్ల చకారాన్ని విన్నాడు. ప్రమాణం చేసి చెప్పగలిగినంత స్పష్టంగా విన్నాడు. చెవి సగమే తెస్తుంది, మిగతా సగం మనసు అతుకుతుంది, అతుకు కనపడనివ్వదు. కాగితం చదివి విన్నవాడు కాగితాన్నే వింటాడు. ఈ పాఠం అతను కొత్త ఏజెంట్లకి ఏటా చెబుతాడు.

గురువారం ఉదయం హెబ్రోను రేడియో లైసెన్సుల ఇన్‌స్పెక్టరు వేషంలో నెల్లూరులో దిగాడు. ఖాకీ ప్యాంటు, చంకలో తోలు సంచి, సంచిలో లైసెన్సు రిజిస్టరు, రిజిస్టరు అట్టలో రికార్డరు. ఎవరింటికైనా పోవచ్చు, ఎవరిచేతైనా మాట్లాడించవచ్చు.

మైపాడు రోడ్డులో ఆకుపచ్చ హెరాల్డ్ కారు ఆగి ఉంది. స్టీరింగు దగ్గర నీలం జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు, చెవులకి ముత్యాలు.

"ఈ కారులో రేడియోకి లైసెన్సుందా?" అన్నాడు హెబ్రోను.

"నా పాట నేనే పాడుకుంటాను" అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ఆమె పేరు నవోమి. మద్రాసు హోటల్లో పాటలు పాడుతుంది, ముఠాకి ఉత్తరాలు మోస్తుంది, ఆ ఉత్తరాల నకళ్లు చీఫ్‌కి అమ్ముతుంది. ఆమె ఎవరి మనిషో చీఫ్‌కే పూర్తిగా తెలియదు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ముఠా నాయకుడు ముత్తుకూరులో ఉప్పు కాంట్రాక్టరు ఓబులేసు అనే పేరుతో ఉన్నాడనీ, ఇంట్లో పెద్ద రేడియో ఉందనీ, రేపు మధ్యాహ్నం దాకా కదలడనీ చెప్పింది. "వినగానే గుర్తుపడతారు. మీ చెవి గురించి చాలా విన్నాను" అని నవ్వింది.

ఓబులేసు లావుపాటి మనిషి, కోపిష్టి. లైసెన్సు అడిగితే విరుచుకుపడ్డాడు. హెబ్రోను మాట మార్చి, పెరట్లో చుట్టబెట్టి ఉన్నదేమిటని అడిగాడు. "చాప. ఉప్పు మీద కప్పేదానికి. చాలా, ఇంకేమన్నా జూస్తావా?" అన్నాడు ఓబులేసు.

హెబ్రోను చెవికి తగిలింది. అంగిట్లో చకారం. అదే గొంతు. పరుగున బయటికొచ్చి, పోలీసులకి ఫోను చెయ్యడానికి పోస్టాఫీసు మెట్లెక్కాడు. మూడో మెట్టు మీద ఆగిపోయాడు. వినకముందే తనకి పేరు చెప్పిందెవరు? ఈసారి కాగితం లేదు, కాగితం బదులు ఒక ఆడమనిషి నవ్వు ఉంది.

ఉప్పు కాలవ గట్టు మీద కూర్చుని, అట్టలో రికార్డయిన టేపులో ఓబులేసు 'చాప' అన్న మాట పట్టుకుని, బ్లేడుతో ముందు శబ్దం ఒక్కటీ కోశాడు. చిటికెనవేలి గోరంత ముక్క. దాన్ని ఖాళీ టేపుకి అతికించి వినిపించుకున్నాడు. ఇప్పుడది మాట కాదు, ఎవరి పేరూ దానికి అంటుకుని లేదు. బుస్సుమని పళ్ల సందున గాలి. మళ్లీ విన్నాడు. సందేహం లేదు, పళ్ల చకారం. ఓబులేసు పదహారణాల ముత్తుకూరు మనిషి. ఇంకో నాలుగు మెట్లెక్కి ఉంటే ఇంకో సమాధానం జైలుకి పోయేవాడు.

అట్లాగే పోస్టాఫీసుకి వెళ్లి చీఫ్‌కి ట్రంకాల్ చేశాడు. నవోమి తమని తప్పుదారి పట్టించిందని చెప్పాడు. ఆ తర్వాత అరవై రెండులో తను తప్పు చేశాననీ, సమాధానం నిర్దోషి అనీ చెప్పాడు.

"ఇది కాగితం మీద పెట్టకు" అన్నాడు చీఫ్.

హెబ్రోను పంతుల్ని ఒక పూట బయటికి పంపమని అడిగాడు. రేపు కుట్ర జరిగేది టెలిఫోన్‌లో. టెలిఫోన్‌లో తన చెవి పనికిరాదని మూడేళ్ల కిందటి టేపు తేల్చేసింది. ఆ గంగులయ్యతో ఆర్నెల్లు కూర్చుని అన్నం తిన్న మనిషి కావాలి.

శుక్రవారం పొద్దున జైలు సూపరింటెండెంటు గదిలోకి సమాధానాన్ని తీసుకొచ్చారు. జుట్టంతా నెరిసిపోయింది. హెబ్రోనుని చూసి, నిలబడే నమస్కారం పెట్టాడు.

"నేను ఇందుకూరుపేటోణ్ని అయ్యవారూ" అన్నాడు హెబ్రోను. "ఆ పొద్దు మీరు సరిగ్గానే కనిపెట్టినారు. గంగులయ్య సంగతి కూడా నిజమే చెప్పినారు. నేనే రాయలా."

ఇన్నేళ్ల తర్వాత కావాలని నోట్లోకి తెచ్చుకున్న ఆ పలుకు అతనికే పరాయిగా వినిపించింది. బతిమాలడానికి దాన్ని వాడుకుంటున్నట్టు అనిపించి తల దించుకున్నాడు.

సమాధానం కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. "మా ఇంటిది ఎస్తేరమ్మ మూడేండ్లుగా కళ్లంలో కూలికి పోతా ఉండాది" అన్నాడు మెల్లిగా. "బళ్లో ఇంకో అయ్యవారిని పెట్టేసినారంట. మీరు తెలీక చేసినారని అనుకుంటా ఉన్నా సారూ ఇన్నాళ్లూ. అట్ట అనుకుంటే కొంచెం నిద్ర పట్టేది."

హెబ్రోను రైలు గురించి, అందులో ఉన్న జవాన్ల గురించి చెప్పాడు. సమాధానం విని, గోడ గడియారం వంక చూసి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఆ రైల్లో పోయేవాళ్లు తనకేం అపకారం చెయ్యలేదన్నాడు.

మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇద్దరూ ఆ చిన్న స్టేషన్లో ఉన్నారు. లైన్‌మెన్ నించి ఇంకా కబురు లేదు. పట్టాలు రెండుసార్లు వెతికించారు, ఏమీ దొరకలేదు. మెయిన్ లైను, పక్కన రైళ్లని తప్పించి ఆపే లూప్ లైను, దాని పక్క సైడింగులో గూడూరు నించి వచ్చిన అభ్రకం పెట్టెల వ్యాగను ఒకటి సీలు వేసి ఉంది. స్పెషల్‌ని ఆపకుండా మెయిన్ లైన్లో పంపాలని పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. హెబ్రోను రైళ్లకి ఉత్తర్వులిచ్చే కంట్రోలరు సంజీవరావు గొంతుని ఫోనులో గంటసేపు విని, గుర్తు పెట్టుకున్నాడు.

మూడూ ముప్పై రెండుకి కంట్రోల్ ఫోను మోగింది. స్టేషన్ మాస్టరు ఎత్తి విని, మౌత్‌పీసు మూసి చెప్పాడు. స్పెషల్‌ని లూప్‌లోకి తీసి ఆపమంటున్నారు, వెనక మెయిల్‌కి దారివ్వాలట. "సంజీవరావు గారేనండీ. నాకు ఎనిమిదేళ్లుగా తెలిసిన గొంతు" అన్నాడు.

హెబ్రోను రిసీవరు అందుకున్నాడు. సంజీవరావు గొంతే. అదే గీర, అదే తొందర. అచ్చం ఆయనే. అచ్చం ఆయనే అనిపించినందుకే భయమేసింది. ఇక మీదట తన చెవి మీద తనకి నమ్మకం లేదు. రిసీవరు సమాధానం చేతిలో పెట్టాడు.

సమాధానం విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. తెలియడం లేదన్నట్టు. దూరంగా ఇంజను కూత వినపడింది. స్టేషన్ మాస్టరు చెయ్యి లీవరు మీద ఉంది.

అప్పుడు సమాధానం ఫోనులోకి, పిల్లాణ్ని పిలిచినంత నెమ్మదిగా అన్నాడు: "గంగులయ్యా. ఎస్తేరమ్మ నీకోసరం అన్నం పెట్టుకోని కూర్చోనుండాది. యాడికి పొయ్యినావబ్బయ్యా?"

నిజమైన సంజీవరావైతే ఎవడ్రా నువ్వని తిట్టేవాడు. అవతల తిట్టు లేదు, ఊపిరి మాత్రం ఉంది. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత సంజీవరావుది కాని గొంతు, చిన్నగా, తనకి తెలియకుండానే పలికినట్టుగా వచ్చింది.

"అయ్యవారా?"

లైను తెగిపోయింది.

"మెయిన్ లైను" అన్నాడు హెబ్రోను. "ఆపొద్దు. పంపండి."

స్పెషల్ మూడూ నలభైకి స్టేషన్ని ఊపేస్తూ దూసుకుపోయింది. తలుపుల దగ్గర నిలబడ్డ జవాన్లు ప్లాట్‌ఫారం మీది ఖైదీకి చేతులూపారు. ఆఖరి పెట్టె మలుపు తిరిగాక హెబ్రోను లూప్ లైను వంక చూశాడు. రైలుని సరిగ్గా ఇక్కడే నిలబెట్టాలని ఎందుకనుకున్నారు? ఇక్కడ దాని పక్కన ఏముంది?

అభ్రకం వ్యాగను.

సీలు పగలగొట్టి లోపలికి దూరారు. మూడో వరస పెట్టెలోంచి గడియారం చప్పుడు. మూత ఊడబెరికితే అభ్రకం రేకుల మధ్య నల్లటి ప్యాకెట్లు, రెండు తీగలు, అలారం గడియారం. చాప చుట్టేయడమంటే ఇదే. ముల్లు మూడూ నలభై అయిదుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. స్టేషన్ చుట్టూ నలభై గడప ఉంది. హెబ్రోను తీగలు రెండూ గుప్పిట పట్టి లాగేశాడు. గడియారం మోగింది, మామూలు గడియారాలు మోగినట్టే. సమాధానం దాని నెత్తి మీద అరచెయ్యి వేసి నోరు మూయించాడు.

పేలుడు వినిపించకపోయేసరికి ఆ దగ్గర్లోనే ఒక ట్రావెలర్స్ బంగళాలో నవోమి చేతి గడియారం చూసుకుంది. కంట్రోల్ తీగకి తగిలించిన టెలిఫోన్ ముందు గంగులయ్య ఇంకా రిసీవరు పట్టుకునే కూర్చున్నాడు. చోటు కనిపెట్టిన లైన్‌మెన్ వెంట పోలీసులు తలుపు బద్దలు కొట్టేసరికి అతని కణత మీద ఆమె పిస్తోలు ఉంది. తను మొదటినించీ ప్రభుత్వం మనిషినేనని వాంగ్మూలం ఇచ్చింది. ఎటువైపో తేల్చుకోవడానికి ఆమె మూడూ నలభై ఆరు దాకా ఆగింది.

చీఫ్ వద్దన్న కాగితం హెబ్రోను రాశాడు. తొమ్మిది పేజీలు, అరవై రెండు నించి మొదలుపెట్టి, రాజమండ్రి మాట కూడా వదలకుండా. అది కదలడానికి రెండు నెలలు పట్టింది. సమాధానం విడుదలైన వారానికి హెబ్రోను మైపాడు దగ్గర పల్లెకి వెళ్లాడు. ఎస్తేరమ్మ అరుగు మీద చెంబుతో నీళ్లు పెట్టి లోపలికి పోయింది. సమాధానం ఎదురుగా కూర్చుని వానల గురించీ, కళ్లాల గురించీ చెప్పాడు. వెళ్లొస్తానని లేచినప్పుడు, మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

జనవరిలో ఢిల్లీ నించి ప్రశంసాపత్రం వచ్చింది. బంగారు అంచు, పెద్దల సంతకం. 'అసమానమైన శ్రవణశక్తితో దేశాన్ని కాపాడిన శ్రీ హెర్బర్టు గారికి' అని ఉంది. ఎవరో ఫోనులో చెప్పింది విని టైపు కొట్టి ఉంటారు. దిద్దించి తెప్పిస్తానని చీఫ్ అన్నాడు. హెబ్రోను వద్దన్నాడు.

ఆ హెర్బర్టు ఎవరో గానీ, తలెత్తుకు తిరగదగ్గ మనిషి.